చెరిపి రాసిన చర్మపత్రం, చెరిపి నింపిన టేపు: సంఘ చరిత్రకు పాత వీడియోల సాక్ష్యం

ఉపోద్ఘాతం

స్థానిక సంఘ చరిత్ర రాయబూనినవారు మొదట వెదికేది మినిట్స్ పుస్తకం. ఆ తరువాత బాప్తిస్మ రిజిస్టరు, వివాహ రిజిస్టరు, మిషనరీలు పంపిన వార్షిక నివేదికలు, గుడి గోడకు అమర్చిన శిలాఫలకం. ఇవన్నీ వ్రాతపూర్వకమైన ఆధారాలు, విలువైనవే. అయితే వీటిలో ఎవరి పేర్లున్నాయో పరిశీలిస్తే, వ్రాయనేర్చినవారు, కమిటీలో కూర్చున్నవారు, పెద్ద మొత్తం చందా ఇచ్చినవారు మాత్రమే కనబడతారు. అక్షరం రాని విశ్వాసులు, ముఖ్యంగా స్త్రీలు, ఈ కాగితాలలో లేరు. వారి జ్ఞాపకాలు నోటిమాటగానే ఉండి, వారితోపాటే సమాధికి చేరాయి.

దీనికి ఒక చిన్న మినహాయింపు ఉంది. 1980లలోను 1990లలోను మన సంఘాలలో జరిగిన ప్రతిష్ఠ పండుగలు, జూబిలీలు, కన్వెన్షన్లు వీడియో టేపులలో నిలిచాయి. చదువురాని వృద్ధులు తమ నోటితో తాము చెప్పిన సాక్ష్యం ఆ టేపులలో ఉంది. ఇప్పుడు ఆ టేపులను కంప్యూటరులోనికి మార్చి, కావలసిన భాగాలను కూర్చి, సంఘ శతాబ్ది వేడుకలలో చూపించాలన్న కోరిక అనేక సంఘాలలో కనబడుతున్నది. ఇది మంచి కోరికే. అయితే ఇందులో ఒక క్రమం ఉన్నది. టేపులో ఉన్నదంతా ముందు యథాతథంగా కంప్యూటరులోనికి చేరాలి. కత్తిరించి కూర్చడం ఆ తరువాతి పని. ఈ క్రమం తప్పితే ఏమి నష్టపోతామో చరిత్ర నుండియు, మా సంఘ అనుభవం నుండియు చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఆ అనుభవంలో తప్పు చేసినవారము మేమే గనుక ఇతరులను నిందించే పని లేదు.

1. వీడియో టేపు పుట్టుక, దానితోపాటే చెరిపివేత

1956 ఏప్రిల్ 14న అమెరికాలోని షికాగోలో, ప్రసార సంస్థల సమావేశం సందర్భంగా, ఆంపెక్స్ కంపెనీ మొట్టమొదటి ఉపయోగకరమైన వీడియో టేపు రికార్డరును ప్రదర్శించింది. చార్లెస్ గిన్స్‌బర్గ్ నాయకత్వంలో ఒక చిన్న బృందం దానిని రూపొందించింది. తరువాతి కాలంలో ధ్వని శుద్ధికి పేరుపొందిన రే డాల్బీ అప్పుడు ఆ బృందంలో యువకుడు. టేపు వెడల్పు రెండు అంగుళాలు. అదే సంవత్సరం నవంబరు 30న సి.బి.ఎస్. సంస్థ తూర్పు తీరంలో చదివిన వార్తలను టేపు మీద పట్టి, కొన్ని గంటల తరువాత పశ్చిమ తీరంలో ప్రసారం చేసింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఏమనగా, వీడియో టేపు మొదట భద్రపరచడానికి పుట్టలేదు. కొన్ని గంటలు ఆపి చూపడానికి పుట్టింది. టేపు ఖరీదు చాలా ఎక్కువ. పని అయిపోగానే చెరిపి మళ్లీ వాడుకోవడం పొదుపు అనిపించుకున్నది. అందువలన 1960లలోని ఎన్నో కార్యక్రమాలు నశించాయి. బ్రిటన్‌లో బి.బి.సి. సంస్థ చెరిపివేసిన నాటకాలు, ధారావాహికలు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. 1969 జూలైలో మానవుడు చంద్రునిపై కాలుమోపినప్పుడు అక్కడి నుండి నేరుగా అందిన చిత్ర సంకేతాలను నాసా టేపులలో పట్టింది. ఆ మూల టేపులు బహుశా ఇతర అవసరాల కోసం చెరిపి తిరిగి వాడబడ్డాయని 2009లో నాసాయే ప్రకటించింది. టెలివిజనులో ప్రసారమైన ప్రతులు మిగిలి ఉన్నందున వాటినే శుభ్రపరచి విడుదల చేశారు. మూలంలో ఉన్న స్పష్టత మాత్రం తిరిగి రాలేదు. అంత గొప్ప సంస్థకే అది జరిగినప్పుడు పల్లెటూరి సంఘాన్ని వేరుగా తప్పుపట్టనవసరం లేదు.

2. మన ప్రాంతానికి వీడియో రాక

1971లో సోనీ కంపెనీ యు-మాటిక్ క్యాసెట్టును, 1975లో బీటామాక్సును తెచ్చింది. 1976లో జె.వి.సి. కంపెనీ వి.హెచ్.ఎస్. క్యాసెట్టును విడుదల చేసింది. అర అంగుళం వెడల్పున్న టేపు, అట్టపుస్తకమంత నల్లని పెట్టె, ఒక్కదానిలో మూడు గంటల రికార్డింగు. ఇదే చివరకు ప్రపంచమంతటా ఇండ్లలోనికి చేరింది.

మన దేశంలో 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల సంవత్సరమే రంగుల టెలివిజను వచ్చింది. వి.సి.ఆర్.లు కూడా ఆ కాలంలోనే వ్యాపించాయి. తెలుగు ప్రాంతాలకు ఇవి చేరిన ప్రధాన మార్గాలలో ఒకటి గల్ఫ్. గోదావరి జిల్లాల నుండి, కడప నుండి, కరీంనగర్ నుండి పనికి వెళ్లినవారు సెలవులకు వస్తూ టేప్‌రికార్డరు, వి.సి.ఆర్. వెంట తెచ్చుకునేవారు. పట్టణాలలో వీడియో షాపులు వెలిశాయి. ఫొటో స్టూడియోవారు భుజం మీద మోసే కెమెరా కొని పెళ్లిళ్లకు వీడియో తీయనారంభించారు. పెళ్లి వీడియో తీసినవారే గుడి ప్రతిష్ఠకు కూడా వచ్చారు. ఈ విధంగా మన సంఘాల చిత్ర చరిత్ర పెళ్లి వీడియోవారి చేతులలో మొదలైంది.

3. చర్మపత్రానికి, టేపుకు తేడా

వేదాంత విద్యార్థులకు పాలింప్సెస్ట్ అను మాట పరిచయమే. ఒకప్పుడు రాసిన చర్మపత్రాన్ని గీకి, దానిమీదనే మరొకటి రాసిన గ్రంథం అది. బైబిలు వ్రాతప్రతులలో ప్రసిద్ధమైన ఎఫ్రాయిమి కోడెక్సు అటువంటిది. 5వ శతాబ్దంలో దానిలో గ్రీకు బైబిలు రాయబడింది. 12వ శతాబ్దంలో ఎవరో ఆ అక్షరాలను చెరిపి, సిరియా భక్తుడైన ఎఫ్రాయీము రచనల గ్రీకు అనువాదాన్ని దానిమీద రాసుకున్నారు. పారిస్‌లో ఉన్న ఈ ప్రతిలోని అడుగు అక్షరాలను 19వ శతాబ్దంలో టిషెండార్ఫ్ పండితుడు ఎంతో శ్రమపడి చదివి, 1843లో క్రొత్త నిబంధన భాగాన్ని, 1845లో పాత నిబంధన భాగాన్ని ప్రచురించాడు.

ఈ ఉదాహరణలో రెండు సంగతులున్నాయి. మొదటిది, చెరిపినవాడు దుర్మార్గుడు కాడు. చర్మం ఖరీదైనది, ప్రసంగాలు అవసరమైనవి. అతడు భక్తితోనే చెరిపాడు. రెండవది, చర్మం మీద సిరా మరక మిగిలింది గనుక ఏడు వందల సంవత్సరాల తరువాత కూడా ఒకడు దానిని చదవగలిగాడు.

టేపుకు ఈ రెండవ అవకాశం లేదు. వి.సి.ఆర్.లో రికార్డు బటను నొక్కినప్పుడు టేపు మొదట చెరిపే హెడ్డును దాటుతుంది. ఆ హెడ్డు టేపు వెడల్పంతటా ఉన్న అయస్కాంత ముద్రలను తుడిచివేస్తుంది. ఆ తరువాతనే, నిమిషానికి 1500 సార్లు తిరిగే డ్రమ్ముకు అమర్చిన హెడ్లు క్రొత్త ముద్రలను ఏటవాలు గీతలుగా వేస్తాయి. పాత చిత్రాన్ని వెలికితీయగల టిషెండార్ఫ్ దీనికి రాడు.

4. మా సంఘ అనుభవం

మా సంఘం గోదావరి డెల్టాలోని ఒక పల్లెలో ఉన్నది. 1988లో క్రొత్త గుడి ప్రతిష్ఠ జరిగింది. పట్టణం నుండి వీడియో ఆయన వచ్చాడు. అప్పటికి యౌవనస్థులమైన మేము ఆయన వెంట లైటు వైరు పట్టుకొని తిరిగాము. ఆరాధన, భోజనాలు, సాక్ష్యాలు కలిపి సుమారు రెండున్నర గంటల టేపు అయింది. దానిలో ఇరవై నిమిషాల సేపు మా సంఘపు బైబిలు స్త్రీ మాట్లాడారు. ఊరంతా ఆమెను మామ్మగారు అనేవారు. ఆమె 1991లో ప్రభువునందు నిద్రించారు.

2003లో మేము అదే సంఘానికి పాస్టరుగా ఉన్నాము. అప్పుడు ఇండ్లలో వి.సి.ఆర్.లు మూలపడి, వి.సి.డి.లు వచ్చాయి. ప్రతిష్ఠ టేపును వి.సి.డి.గా మార్చి ఇంటింటికి ఇవ్వాలని సంఘం కోరింది. స్టూడియోవారు ఒక డిస్కులో 74 నిమిషాలే పడుతుందని, రెండవ డిస్కుకు వేరే ఖర్చు అవుతుందని చెప్పారు. ఏవి తీసివేయాలో గుర్తించవలసిన బాధ్యత మాపై పడింది. బిషపుగారి ప్రసంగం ఉంచాము. రిబ్బను కత్తిరింపు ఉంచాము. మామ్మగారి సాక్ష్యంలో మొదటి రెండు నిమిషాలు ఉంచి, తక్కినది తీసివేయమన్నాము. ఆమె పేర్ల తరువాత పేర్లు చెప్పుకుంటూ పోతున్నారు, చూసేవారికి విసుగు అని మా అభిప్రాయం.

అంతటితో ఆగినా బాగుండేది. టేపు తిరిగి వచ్చిన తరువాత బీరువాలో ఉన్నది. 2004 క్రిస్మసు కార్యక్రమాన్ని ఒకరి పాత కెమెరాతో తీయాలని తలపెట్టినప్పుడు ఖాళీ టేపు దొరకలేదు. ఎలాగూ సి.డి. వచ్చింది గదా అని ప్రతిష్ఠ టేపునే ఇచ్చాము. వి.హెచ్.ఎస్. క్యాసెట్టు వెనుక అంచున చిన్న ప్లాస్టిక్ రెక్క ఉంటుంది. దానిని విరిస్తే ఆ టేపు మీద మళ్లీ రికార్డు కాదు. 1988లోనే వీడియో ఆయన జాగ్రత్తపడి దానిని విరిచి ఇచ్చాడు. ఆ రంధ్రం మీద సెల్లోటేపు ముక్క అంటించినవారము మేమే. ఆ క్యాసెట్టు నేటికీ మా దగ్గర ఉన్నది. పసుపురంగుకు తిరిగిన ఆ ముక్క కూడా ఉన్నది. 12వ శతాబ్దపు లేఖరి వలెనే మేము కూడా భక్తితోనే చెరిపాము.

2018లో సంఘ చరిత్ర పుస్తకం కోసం ఆధారాలు సేకరిస్తుండగా, ఒక సభ్యుని ఇంట ట్రంకు పెట్టెలో ఇంకొక క్యాసెట్టు బయటపడింది. ఆ ఇంటి పెద్ద 1988లో మస్కట్‌లో పనిచేస్తున్నందున ప్రతిష్ఠకు రాలేకపోయాడు. ఆయన కోసం రెండు వి.సి.ఆర్.లు కలిపి తీయించి పంపిన నకలు అది. ఆయన తిరిగి వచ్చినప్పుడు దానిని వెంట తెచ్చుకున్నాడు. డెల్టా తేమకు టేపు అంచున తెల్లని బూజు పట్టింది. అయినను మామ్మగారి సాక్ష్యం దానిలో ఉన్నది.

ఆమె చెప్పినదేమనగా, గుడి స్థలం మిషను ఇచ్చినది కాదు. శిలాఫలకం మీద, 1970లలో అచ్చయిన మా చిన్న చరిత్ర పుస్తకంలో అలాగే ఉన్నది. నిజానికి సగం సొమ్మే మిషనుది. తక్కిన సగం పేటలోని పదకొండుమంది స్త్రీలు కూడబెట్టినది. అందరూ కూలికి వెళ్లేవారే. పొద్దున ఎసట్లో పోసే ముందు పిడికెడు బియ్యం తీసి కుండలో వేసేవారు. ఏడు సంవత్సరాలు ఆ బియ్యం అమ్మి సొమ్ము చేర్చారు. మామ్మగారు ఆ పదకొండుమంది పేర్లను వేళ్లు మడుస్తూ చెప్పారు. మేము 2003లో విసుగని తీసివేయించినది ఆ పేర్లనే.

ఏడు పేర్లు స్పష్టంగా వినబడ్డాయి. ఎనిమిదవ పేరు దగ్గర బూజు పట్టిన భాగం వచ్చింది. చిత్రం చీలిపోయి, ధ్వని మూలుగుగా మారింది. తిరిగి మాట వినబడేసరికి ఆమె చేయి మడిచి ఉన్నది, సంగతి మారిపోయింది. మా బీరువాలోని మొదటి టేపుకు బూజు లేదు. దానిలో పదకొండు పేర్లూ ఉండేవి.

5. టేపు నుండి కంప్యూటరుకు

ఈ పని చేయబోయే సంఘాలకు మేము నేర్చుకున్నవి కొన్ని చెప్పడం అవసరం. మొదట ఆ ప్లాస్టిక్ రెక్కను చూడండి. ఉంటే విరిచివేయండి. బూజు కనబడితే టేపును ప్లేయరులో పెట్టవద్దు. బూజు హెడ్లకు అంటుకొని తరువాతి టేపులను కూడా పాడుచేస్తుంది. క్యాసెట్టును ఐదు స్క్రూలు కలిపి ఉంచుతాయి. వాటిని విప్పి టేపు చుట్టలను శుభ్రమైన వేరొక పెట్టెలోనికి మార్చవచ్చును. ముక్కుకు గుడ్డ కట్టుకొని, చేయి తిరిగినవారితోనే ఈ పని చేయించాలి. చాలా కాలం కదలని టేపును ప్లే చేసేముందు ఒకసారి చివరివరకు తిప్పి వెనక్కు చుట్టాలి.

రెండవది ప్లేయరు. చివరిదాకా వి.సి.ఆర్.లు తయారుచేసిన జపాను కంపెనీ ఫునాయ్ 2016 జూలైలో ఉత్పత్తి ఆపివేసింది. ఇక దొరికేవన్నీ పాతవే, బాగుచేసే మెకానిక్కులు కూడా తరిగిపోతున్నారు. టేపు ఎంతకాలం మన్నుతుందన్న ప్రశ్న కన్న, దానిని చూపే యంత్రం ఎంతకాలం ఉంటుందన్న ప్రశ్న ముందున్నది. అయస్కాంత టేపులలోని సంపద ఈ కారణంగానే చేజారుతున్నదని యునెస్కో, అంతర్జాతీయ ధ్వని దృశ్య భాండాగారాల సంఘంతో కలిసి 2019లో హెచ్చరిక కార్యక్రమం చేపట్టింది.

మూడవది మార్పిడి. టేపులోని చిత్రం తరంగ రూపంలో ఉంటుంది. దానిని అంకెలుగా మార్చే పరికరం ప్లేయరుకు కంప్యూటరుకు మధ్య ఉండాలి. పాత టేపులో గీతల వేళలు కుదురుగా ఉండవు. ఆ ఒడిదుడుకులకు చిత్రాలు జారిపోయి, మాటకు పెదవులకు పొంతన తప్పుతుంది. గీతల వేళలను సరిచేసే టైమ్ బేస్ కరెక్టరు ఉంటే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. గంట టేపుకు గంట సమయం పడుతుంది, తొందరపెట్టే దారి లేదు.

నాలుగవది ప్రమాణం. మన టెలివిజను పద్ధతిలో పూర్తి డిజిటల్ చిత్రం 720 అడ్డం, 576 నిలువు చుక్కలు. వి.సి.డి. చిత్రం 352 అడ్డం, 288 నిలువు, అనగా నాలుగవ వంతు కన్న తక్కువ. పూర్తి చిత్రాన్ని ఏమీ కుదించకుండా ఉంచితే గంటకు సుమారు 75 గిగాబైట్లు కావాలి. నష్టం లేని పద్ధతిలో కుదిస్తే రమారమి సగానికి తగ్గుతుంది. 1995లో వచ్చిన డి.వి. పద్ధతిలో గంటకు 13 గిగాబైట్లు చాలు, కాని కొంత నష్టం ఉంటుంది. 2003లో ఇంత స్థలం ఏ పల్లె సంఘానికీ అందుబాటులో లేదు. ఇప్పుడు హార్డు డిస్కు ఖరీదు ఒక పండుగ భోజన ఖర్చుకు మించదు. గనుక స్థలం చాలదన్న సాకు ఇక చెల్లదు. ప్రతిని రెండు డిస్కులలో ఉంచి, ఒకటి వేరే ఊరిలో దాచాలి.

6. కత్తిరింపు ఒక వ్యాఖ్యానం

కంప్యూటరులో ఎడిటింగ్ చేయడం సులభం. మూల ఫైలు చెడకుండానే ఎన్ని విధాలుగానైనా కూర్చవచ్చును. ఇది టేపు కాలంలో లేని గొప్ప మేలు. అయితే మూల ఫైలును భద్రం చేసినవారికే ఆ మేలు. కూర్చిన దానిని మాత్రమే ఉంచి మూలాన్ని చెరిపినవారికి టేపు కాలానికి, ఈ కాలానికి తేడా లేదు.

యిర్మీయా గ్రంథం 36వ అధ్యాయంలో యెహోయాకీము రాజు తనకు రుచించని గ్రంథపు చుట్టను చాకుతో కోసి నిప్పులలో వేసిన సంగతి మనకు తెలుసు. ప్రవక్త బ్రతికి ఉన్నాడు గనుక, బారూకు చేత తిరిగి రాయించగలిగాడు. మామ్మగారు లేరు. ఆ నాలుగు పేర్లను తిరిగి చెప్పేవారు లేరు. రాజు కోపంతో కోశాడు, మేము పొదుపు కోసం కోయించాము. కోల్పోయినదాని విషయంలో ఈ తేడా ఏమీ పనికిరాదు.

2018లో మరొక పరీక్ష ఎదురైంది. వేడుకలకు చిన్న వీడియో కూర్చేటప్పుడు, స్థలం గూర్చిన మాటలు తీసివేయాలని కొందరు పెద్దలు సలహా ఇచ్చారు. శిలాఫలకం తప్పని అందరి ఎదుట చెప్పినట్లవుతుందని వారి బాధ. వారి బాధను మేము తేలికగా తీసుకోలేదు. ఒక వృద్ధురాలి జ్ఞాపకం కూడా పొరబడవచ్చును, అది ఏకైక సాక్ష్యం. అందుచేత మిషను లెక్కలున్న పాత రిజిస్టరును తిరిగి చూశాము. స్థలం పద్దు కింద సగం సొమ్మే ఖర్చు రాసి ఉన్నది. తక్కిన సగం ఎక్కడిదో ఆ పుస్తకం చెప్పదు. సాక్ష్యం, లెక్క ఒకదానికొకటి సరిపోయాయి. కమిటీలో చాలాసేపు చర్చించిన తరువాత ఆ మాటలు ఉంచారు. శిలాఫలకాన్ని మాత్రం మార్చలేదు.

ఇప్పుడు మసకబారిన చిత్రాన్ని స్పష్టం చేసే కృత్రిమ మేధ సాధనాలు వచ్చాయి. వీటిలో కొన్ని టేపులో లేని ముఖరేఖలను ఊహించి గీస్తాయి. వేడుకకు వాడుకోవచ్చునేమో గాని, దానిని సాక్ష్యంగా భద్రపరచరాదు. వ్రాతప్రతులలో లేఖరి తనకు తోచిన మాట చేర్చితే పాఠ విమర్శకులు ఎట్లు వేరుచేస్తారో, ఇక్కడను అట్లే వేరుచేయాలి. కూర్చిన ప్రతి వీడియో మొదట, ఇది ఏ మూలం నుండి, ఏ సంవత్సరంలో, ఎవరు కూర్చినదో రాసి ఉంచడం మంచిది.

ముగింపు

సంఘ చరిత్రకారునికి వీడియో టేపు ఒక వ్రాతప్రతి వంటిది. దానికి మూలము, నకలు, లోపము, చేర్పు, తీసివేత అన్నీ ఉన్నాయి. వ్రాతప్రతుల విషయంలో మనము నేర్చుకున్న భయభక్తులే దీనికీ కావాలి. ముందు పూర్తి ప్రతి, తరువాత పరిశీలన, చివరకు కూర్పు.

మా సంఘ రిజిస్టరులో ఒక పుట తెరిచి, పిడికెడు బియ్యం దాచిన స్త్రీలు అని శీర్షిక రాసి, ఏడు పేర్లు నమోదు చేశాము. వాటి కింద నాలుగు గీతలు ఖాళీగా ఉంచాము. 1988లో ఆ వీడియో నకళ్లు ఎన్ని తీశారో ఎవరికీ గుర్తులేదు. గల్ఫ్ నుండి తిరిగి వచ్చిన కుటుంబాలను ఇంకను విచారిస్తున్నాము. ఈ వ్యాసం చదివినవారు తమ ఇండ్లలోని పాత ట్రంకు పెట్టెలను, గుడి బీరువా అడుగు అరను ఒకసారి చూడవలసినదిగా మా మనవి. దొరికిన టేపు మీద ఏమి రాసి ఉన్నను, చివరివరకు చూడకుండా దానిని ఎవరికీ ఇవ్వకండి.